చేప ఎలా తింటుందో చదివితే అన్నం దొరుకుతుందా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర ఊరు. చేపల చెరువులు చేస్తాం. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. జంతువులు ఎలా తింటాయి, వాటి దవడలు ఎలా మారుతూ వచ్చాయి అనేదాని మీద పరిశోధన చేసి ప్రొఫెసర్ అవుతానంటోంది. సైన్స్ పరిశోధన కోసం కేంద్రం నడిపే ఐసర్‌కి వెళ్తానంటోంది. మేం నీట్ లాంగ్‌టర్మ్ గానీ, ఏఐ కలిపి చెప్పే బయోటెక్నాలజీ బీటెక్ గానీ అనుకుంటున్నాం. బీటెక్, ఐసర్‌లలో ఏది మేలు? అసలు ఇలాంటి చదువుకి ఉద్యోగం ఉంటుందా? బంధువులు నవ్వుతున్నారు. - ఒక తండ్రి

జవాబు: మీ చివరి మాట దగ్గరే మొదలుపెడతాను. ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తాయి. అడిగేది కోర్సు గురించి, భయం మాత్రం వేరే ఉంటుంది: ముప్పై ఏళ్లొచ్చినా పిల్ల స్థిరపడదేమో, అడిగినవాళ్లకి ఏం చెప్పుకోవాలి అని. బీటెక్, ఐసర్‌ల పోలిక తర్వాత చూద్దాం. ముందు ఈ భయం సంగతి తేలాలి.

ఆలస్యం నిజమే, దాచను. ఐసర్‌లో డిగ్రీ, పీజీ కలిపి చేసే బీఎస్-ఎంఎస్ అయిదేళ్లు, పీహెచ్‌డీ అయిదారేళ్లు, ఆ తర్వాత పోస్ట్‌డాక్ అనే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం రెండు నుంచి నాలుగేళ్లు. అసిస్టెంట్ ప్రొఫెసర్ అయ్యేసరికి ముప్పై దాటుతుంది. అయితే ఆ ఏళ్లన్నీ మీ చేతి ఖర్చు కాదు. సైన్స్ చదివేవాళ్లకి కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్‌కి అర్హత వస్తే ఏడాదికి 80,000 రూపాయలు. నెట్ పరీక్షలో పరిశోధన ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) తెచ్చుకుని పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. ఐసర్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి లెవెల్ 12లో మూలవేతనం 1,01,500 దగ్గర మొదలవుతుంది. విశ్వవిద్యాలయాల్లో లెవెల్ 10, అంటే 57,700. పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. కానీ ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల నుంచి ఆమె తిండి ఆమే తింటుంది. బంధువులకి ఈ ఒక్క మాట చెప్పండి, చాలు.

ఇక ఒక మాట గట్టిగానే అనాలి. మీ ఉత్తరంలో నీట్ ఉంది, బీటెక్ ఉంది, బంధువులు ఉన్నారు. పిల్ల లేదు. ఆమె ఏ చేపని చూసింది, ఏం అడుగుతోంది, ఒక్క వాక్యమైనా రాయలేదు. పొద్దున్నే చెరువు గట్టు మీద నిలబడి మేతకి చేపలు ఎలా లేస్తున్నాయో చూసి వాటి ఆరోగ్యం చెప్పగలిగే మనిషి మీరు. కూతురు అదే చూపుతో అడిగే ప్రశ్నని ‘ఇలాంటి చదువు’ అని పక్కన పెట్టేశారు. డాక్టరు కావాలన్న కోరిక లేని పిల్లని ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్ హాస్టల్లో కూర్చోబెడితే పోయేది ఫీజు ఒక్కటే కాదు.

ఆ ప్రశ్నలు మీ పనికి ఎంత దగ్గరో చూడండి. హ్యాచరీలో పండుగప్ప పిల్లలకి ముందు రోటిఫర్లనే అతి సూక్ష్మమైన జీవుల్ని, తర్వాత ఆర్టీమియా అనే బుల్లి రొయ్యలాంటివాటిని వేస్తారు. నోరు అంతకంటే తెరుచుకోదు మరి. సముద్రపు చేపల్లో గుడ్డు నుంచి వచ్చిన కొత్తలోనే చాలావరకు పిల్లలు చచ్చిపోతాయి. ఇజ్రాయెల్‌లో విక్టర్ చైనా, రోయ్ హోల్జ్‌మన్ అనే ఇద్దరు 2014లో సీబ్రీమ్ అనే సముద్రపు చేప పిల్లల మీద చూపించిందేమిటంటే, అంత చిన్న నోటికి నీళ్లే పాకంలా చిక్కగా అడ్డుపడతాయి, పక్కనే మేతున్నా లోపలికి లాగలేవు. నీళ్ల చిక్కదనం పెంచితే కాస్త పెద్ద పిల్లలు కూడా తినలేకపోయాయి. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో, లార్జ్‌మౌత్ బాస్ అనే చేప ఎరని గుటుక్కున పీల్చేటప్పుడు ఆ శక్తి దాదాపు అంతా తల కండరాల నుంచి కాదు, ఈత కండరాల నుంచే వస్తుందని ఎక్స్-రే వీడియోతో కొలిచి చెప్పారు. చేప వీపుతో తింటుందన్నమాట!

ఈ రంగం అంటే జంతువుల మీద ప్రేమ మాత్రమే అనుకుంటే దెబ్బతింటారు. ఇది కొలతల పని. ఆమెకి సరిపడుతుందో లేదో ఇంట్లోనే తేలుతుంది. రూప్‌చంద్ తల ఒకటి, కొరమేను తల ఒకటి తీసుకోండి. రూప్‌చంద్ గింజలు నలిపే జాతి. పొట్టి దవడ, మన దంతాల్లాంటి పళ్లు. కొరమేను వేటాడేది, పొడుగు దవడ. చెంప తోలు తీస్తే దవడ మూసే కండరం కనిపిస్తుంది. దాన్ని పచ్చిగా ఉండగానే విడదీసి తూచాలి. వంటింటి త్రాసు పనికిరాదు, 0.01 గ్రాము చూపే చిన్న త్రాసు కావాలి. తర్వాత తలని వేడినీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉంచితే మాంసం వదులుతుంది. ఎక్కువసేపు ఉంచితే ఎముకలు కూడా విడిపోయి కీలు ఎక్కడుందో తెలియదు. వెర్నియర్‌తో రెండు దూరాలు: కీలు నుంచి కండరం లాగే గీతకి, కీలు నుంచి ముందు పంటి కొనకి. మొదటిది 12 మిల్లీమీటర్లు, రెండోది 40 అనుకుందాం. నిష్పత్తి 0.3. కండరం బరువు 2.12 గ్రాములు, అందులోని నార పొడవు 2 సెంటీమీటర్లు అయితే, బరువుని కండరం సాంద్రత 1.06తోనూ నార పొడవుతోనూ భాగించాలి. అడ్డుకోత వైశాల్యం 1 చదరపు సెంటీమీటరు వస్తుంది. చదరపు సెంటీమీటరుకి సుమారు 25 న్యూటన్ల బలం అని లెక్క. దాన్ని 0.3తో గుణిస్తే పంటి కొన దగ్గర 7.5 న్యూటన్లు, ఒక వైపు దవడకి. ముప్పావు కిలో బరువు మోపినట్టు.

తప్పులు జరిగేది ఇక్కడే. కీలు నుంచి లంబంగా కొలవకుండా ఎముక వెంబడి కొలిస్తే బలం లేనిది ఉన్నట్టు వస్తుంది. నార పొడవు బదులు మొత్తం కండరం పొడవు తీసుకుంటే ఉన్న బలం తగ్గిపోతుంది, ఎందుకంటే నారలు ఏటవాలుగా, పొట్టిగా ఉంటాయి. స్పిరిట్‌లో ఉంచిన కండరం నీరు కోల్పోయి తేలికవుతుంది. ఒక్కో కొలత మూడుసార్లు తీయాలి, జాతికి కనీసం అయిదు తలలు. మూడో తల దగ్గర విసుగొస్తే ఆమెకి చేపలంటే ఇష్టం, అంతవరకే. నాలుగోది తెమ్మని అడిగితే ఆ పిల్లని ఆపకండి.

ఇప్పుడు ఏఐ కలిపిన బయోటెక్ గురించి. నాకు దీని మీద చాలా సందేహాలున్నాయి. చాలా ప్రైవేటు కాలేజీల్లో బయోటెక్ పిల్లలకి క్యాంపస్‌లో దొరికేది చివరికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. అదే కావాలంటే నేరుగా సీఎస్‌ఈ ఉంది కదా. బ్రోషర్ మీద ‘ఏఐ’ అని ముద్రించినంత మాత్రాన లోపల చెప్పేవాళ్లు మారరు. పైగా ఏఐ ఈ రంగంలోనూ ఉంది. వీడియోలో దవడ కదలికని దానంతటదే గుర్తించే డీప్‌ల్యాబ్‌కట్ 2018 నుంచి ఉచితంగా దొరుకుతోంది. కానీ ఏ చుక్కని వెంటాడాలో దానికి మనిషే చెప్పాలి. పెదవి మీద చుక్క పెడితే, తోలు ఎముక మీద జారుతుంది కాబట్టి కోణం మొత్తం తప్పు వస్తుంది, కంప్యూటరు మాత్రం చక్కటి గ్రాఫ్ గీసి ఇస్తుంది. ఆ తప్పు పట్టుకోగలిగేది శరీర నిర్మాణం తెలిసినవాళ్లే. ప్రోగ్రామింగ్ ఆర్నెల్లలో పట్టుబడుతుంది. చూపు పట్టుబడటానికి ఏళ్లు కావాలి.

పోలిక అడిగారు కాబట్టి క్లుప్తంగా: బీటెక్‌లో నాలుగేళ్లు, చివర్లో ఒక ప్రాజెక్టు. ఐసర్‌లో అయిదో ఏడాది దాదాపు అంతా పరిశోధనే. ఆమె కోరిక ఇదే అయితే రెండోదే నయం, తిరుపతి ఐసర్ మీకు దగ్గర కూడా. అది రాకపోతే బీఎస్సీ, ఎంఎస్సీ జువాలజీ తక్కువ దారేమీ కాదు. డిగ్రీ కాలేజీ లెక్చరర్ పోస్టు కూడా చేతిలో ఉంచుకోవాలంటే నోటిఫికేషన్‌లో అడిగే సబ్జెక్టు పేరు ముందే చూసుకోండి. పట్టా మీద ‘జువాలజీ’ అని లేకపోతే తర్వాత ఆ డిగ్రీ జువాలజీతో సమానమేనన్న పత్రాల కోసం తిరగాల్సి వస్తుంది. ఇంకొకటి, జువాలజీ కోర్సుల్లో డిసెక్షన్లు ఆపేయమని యూజీసీ 2014లోనే చెప్పింది. కోత నేర్చుకోవడానికి బజారు చేపే దిక్కు. అడవి జంతువుల జోలికి మాత్రం వెళ్లొద్దు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది.

అసలు అడ్డంకి మీరు అడగని చోట ఉంది. లెక్కలు. బైపీసీ పిల్లలు పదో తరగతితో వాటికి దండం పెట్టేస్తారు. ఐసర్ ప్రవేశపరీక్షలో లెక్కలున్నాయి, మొదటి ఏడాదిలోనూ ఉన్నాయి. ఆ తర్వాత బలాలు, వేగాలు, గణాంకాలు ఎటూ తప్పవు. లాంగ్‌టర్మ్‌కి దాచిన డబ్బులో కొంత లెక్కల ట్యూషన్‌కి పెట్టండి. కలనగణితం (కాలిక్యులస్), వెక్టర్లు, సంభావ్యత. ఈ నెలలోనే.

మన దేశంలో ‘తిండి యాంత్రికశాస్త్రం’ అని బోర్డు పెట్టుకున్న ల్యాబ్ వెతికితే నిరాశే. వేరే పేర్లతో వెతకాలి. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో కీటకాలు ఎగిరే తీరు మీద పని జరుగుతోంది. ఐఐఎస్‌సీ మెకానికల్ విభాగం నుంచి 2014లో వచ్చిన ఒక పరిశోధన, మేడికాయని తొలిచి గుడ్లు పెట్టే కందిరీగ సూది కొసన జింక్ ఉంటుందని చూపించింది. జీవశాస్త్రం ఇంజినీరింగ్ గదిలో దొరికింది చూశారా! సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్‌తో ఇలాంటి చోట రెండు నెలలు గడపొచ్చు. విదేశాల్లో అమెరికా పీహెచ్‌డీకి ఎంఎస్ తప్పనిసరి కాదు. సైన్స్ విభాగాల్లో సాధారణంగా ఫీజు మాఫీ, పాఠాలు చెప్పినందుకు స్టైపెండ్. డబ్బు కట్టి పీహెచ్‌డీ చేయించే కన్సల్టెన్సీ ఎదురైతే లేచి వచ్చేయండి. అక్కడ ఈ రంగంవాళ్లలో చాలామంది వైద్య కళాశాలల్లో మనిషి అనాటమీ బోధిస్తూ, మిగిలిన వేళల్లో బల్లులూ చేపలూ చూస్తారు. ఆ జీతం స్థిరమైనది.

మీరు చేయగలిగిన సాయం ఒకటుంది. ఈసారి పట్టుబడి రోజున రూప్‌చంద్‌లు అయిదు, కొరమేనులు అయిదు పక్కన పెట్టించండి. తల కోయకముందే ఒక్కోదాని మొత్తం పొడవు, బరువు కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి తలతోపాటు కట్టాలి. ఒంటి పొడవు తెలియని తల పోలికకి పనికిరాదు. కోసిన తలల్ని వెంటనే ఐస్‌లో పెట్టి, ఆ రోజే ఫ్రీజర్లోకి చేర్చండి.