ఒక్కడినే సైకిల్ మీద అరకు నుంచి లంబసింగికి వెళ్లొచ్చా?

ప్రశ్న: సార్, నాకు 36 ఏళ్లు. రోజూ పొద్దున్నే 30 కిలోమీటర్లు సైకిల్ తొక్కుతాను. డిసెంబర్‌లో ఎస్.కోట నుంచి అరకు, పాడేరు, చింతపల్లి, లంబసింగి మీదుగా నర్సీపట్నం దాకా ఒక్కడినే వెళ్లాలని ఎప్పటినుంచో కోరిక. రెండు రోజులు చాలంటున్నాను, ఇంట్లో మాత్రం ఒకటే టెన్షన్. నాది సన్న టైర్ల సైకిల్. వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: తప్పకుండా వెళ్లండి, కానీ రెండు రోజుల్లో వద్దు, నాలుగు రోజులు పెట్టుకోండి. మైదానంలో గంటకి 20 తొక్కే మనిషి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు 7, 8 దాటడం కష్టం, పైగా ఆ నెలలో అక్కడ ఐదున్నరకే పొద్దు వాలిపోతుంది, పొద్దున చూస్తే మంచు విడిచేసరికి ఎనిమిదవుతుంది. అందుకే కిలోమీటర్లు కాదు, వెలుతురు ఎన్ని గంటలుందో లెక్కేసుకోండి. అరకు నుంచి పాడేరు సుమారు 45 కిలోమీటర్లే అయినా ఒక రోజుకి అది చాలు.

సన్న టైర్లతో మాత్రం వద్దు. మీ ఫ్రేములో పడితే 35 ఎంఎం, ఇంకా వెడల్పువైనా మంచిదే. గాలి రాయిలా బిగించకండి, అలాగని మరీ తగ్గిస్తే గుంత అంచు తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి, పాము కాటేసినట్టు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. నాకు పాడేరు దాటాక అంతకంటే పెద్ద కష్టమే వచ్చింది. కంకర రాయి టైరు పక్కన కోసేస్తే, చిటికెన వేలు దూరేంత చీలికలోంచి ట్యూబు ఉబ్బి బయటికొస్తోంది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. సంచిలో ఉన్న పాల ప్యాకెట్ కవరు నాలుగు మడతలేసి టైరు లోపల పెట్టి, గాలి కాస్త తక్కువ కొట్టుకుని చింతపల్లి చేరాను. ప్యాచ్‌లు, సొల్యూషన్, పంపు, రెండు ట్యూబులతో పాటు అలాంటి కవరొకటి కూడా పెట్టుకోండి.

నూర్పుల కాలం కాబట్టి ఊళ్ల దగ్గర గడ్డి రోడ్డు మీదే పరిచి ఉండొచ్చు. దాని మీద తొక్కితే పరకలు వెనక గేర్ల పళ్లలో చుట్టుకుని చైన్ పట్టేస్తుంది, దిగి పక్కనుంచి నడిపించుకెళ్లండి. లంబసింగి నుంచి దిగేటప్పుడు బ్రేకు అదేపనిగా పట్టి ఉంచొద్దు, రెండు బ్రేకులూ నొక్కి వదులుతూ, మలుపు రాకముందే వేగం తగ్గించండి. బయల్దేరే ముందే కొత్త బ్రేకు షూలు వేయించండి.

ఇంట్లోవాళ్ల భయం న్యాయమైనదే. రోజూ ఏ ఊరికి ఏ టైంకి చేరతారో కాగితం మీద రాసివ్వండి, ఎన్ని గంటలు ఆలస్యమైతే వాకబు చేయాలో కూడా అందులోనే రాయండి. మధ్యలో సిగ్నల్ పోయినా వాళ్లు హడలిపోరు.

వీలైతే నవంబర్ చివర్లోనే వెళ్లండి, అరకు పొలాల్లో వలిసె పూలు కనబడతాయి.