పాఠకుల ప్రశ్నలు: ఆస్పత్రికి నెట్ ఏ దారిన వస్తోంది?

ప్రశ్న: 2025 ఆగస్టులో మా ప్రాంతంలో కరెంటు స్తంభాల మీది కేబుళ్లు తొలగించిన రోజుల్లో మా అమ్మగారు జ్వరంతో ఒక చిన్న ఆస్పత్రిలో ఉన్నారు. రక్తం తీసి గంటలు గడిచినా రిపోర్టు ఇవ్వలేదు. అడిగితే నెట్ లేదన్నారు. పరీక్ష చేసే యంత్రం పక్క గదిలోనే ఉన్నప్పుడు దానికి ఇంటర్నెట్‌తో ఏం పని? ఇది సిబ్బంది నిర్లక్ష్యమా?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: యంత్రానికి ఇంటర్నెట్‌తో పని లేదు. రక్తకణాలను లెక్కించే ఎనలైజర్ నెట్ ఉన్నా లేకపోయినా లెక్కిస్తుంది, ఆ అంకెలు దాని తెర మీద కనిపిస్తాయి కూడా. ఆగిపోయేది ఆ తరువాతి పని. ఆ అంకెలను రోగి పేరుకు, రిజిస్ట్రేషన్ నంబరుకు జతచేసి, పాథాలజిస్టు సంతకంతో రిపోర్టుగా మార్చే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు చాలా చిన్న ఆస్పత్రుల్లో ఆ భవనంలో ఉండదు. నెలకింత అని చెల్లించి వాడుకునే ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కడో దూరాన ఉన్న డేటా సెంటర్‌లో నడుస్తుంది. సొంతంగా సర్వర్ కొని, దానికో మనిషిని పెట్టుకునే స్తోమత లేని ఆస్పత్రులకు ఈ పద్ధతి నిజంగానే మేలు చేసింది. కానీ వీధిలో తీగ తెగిన రోజున ఓపీ చీటీ మొదలు డిశ్చార్జి బిల్లు దాకా అన్నీ ఒక్కసారే ఆగిపోతాయి. నగదు లేకుండా చికిత్స చేసే బీమా అనుమతి, ఆరోగ్యశ్రీ పోర్టల్‌లో పెట్టవలసిన ముందస్తు అనుమతి కూడా అంతే. అత్యవసర కేసుల్లో ఆరోగ్యశ్రీ అనుమతిని ఫోన్‌లో తీసుకునే వీలుంది.

కాబట్టి సిబ్బంది మీతో అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. అయితే తెర మీది ప్లేట్‌లెట్ల సంఖ్యను చేత్తో కాగితం మీద రాసి, టెక్నీషియన్ పేరు, సమయం వేసి డ్యూటీ డాక్టరు చేతికివ్వడానికి ఏ నెట్టూ అక్కర్లేదు. అందుకోసం ప్రతి ల్యాబ్‌లోనూ ఒక రిజిస్టరు, ఖాళీ ఫారాల కట్ట సిద్ధంగా ఉండాలి, వాటిని వాడటం రాత్రి డ్యూటీ వారికి కూడా తెలిసి ఉండాలి. డెంగీ అనుమానం ఉన్న రోగి విషయంలో ఈ పాటి ఏర్పాటు లేకపోవడాన్ని నేను చిన్న లోపంగా చూడలేను.

ఆ ఆగస్టు సంగతి కూడా చెప్పుకోవాలి. హైదరాబాద్‌లోని రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో రథానికి విద్యుత్ ప్రసరించి 5 గురు చనిపోయారు. ఆ తరువాత విద్యుత్ సంస్థ స్తంభాలకు వేలాడుతున్న కేబుళ్లను పెద్ద ఎత్తున తీసివేయడంతో నగరంలో అనేక చోట్ల ఇంటర్నెట్ నిలిచిపోయింది, వివాదం హైకోర్టు దాకా వెళ్లింది. ప్రాణాలు తీసే తీగల గుత్తులను తొలగించడాన్ని ఎవరూ తప్పు పట్టకూడదు. కాకపోతే ఏ స్తంభం మీది తీగ ఏ ఆస్పత్రికి, ఏ బస్తీ దవాఖానాకు వెళ్తోందో జాబితా చేతిలో ఉంచుకుని, వారికి ముందుగా కబురు చేసి ఆ పని మొదలుపెట్టాలి. కరెంటు లైను మరమ్మతుకు ముందుగా ప్రకటన ఇచ్చే పద్ధతి మనకు ఉండనే ఉంది. నెట్ తీగకు కూడా అదే మర్యాద దక్కాలి.

ప్రశ్న: మా ఆస్పత్రికి రెండు వేర్వేరు కంపెనీల నుంచి ఫైబర్ కనెక్షన్లు తీసుకున్నాం. అయినా నిరుడు రెండూ ఒకేసారి పోయాయి. రాత్రివేళ సీటీ స్కాన్ చిత్రాలు బయటి రేడియాలజిస్టుకు పంపలేక ఇబ్బంది పడ్డాం. ఇంకా ఎక్కువ వేగం ఉన్న ప్లాన్ తీసుకోవాలా?
– ఒక ఆస్పత్రి మేనేజర్, విజయవాడ

జవాబు: ప్లాన్ మార్చే ముందు ఒకసారి ఆస్పత్రి మేడ మీదకు ఎక్కి, ఆ రెండు తీగలూ ఎక్కడి నుంచి వస్తున్నాయో కంటితో చూడండి. చాలాచోట్ల రెండు కంపెనీల తీగలూ ఒకే స్తంభం మీదుగా, ఒకే గుత్తిలో కలిసి వస్తాయి. బిల్లులు రెండైనా దారి ఒకటే కావడంతో, ఒక లారీ తగిలినా, ఒక జేసీబీ తవ్వినా రెండూ కలిసే పోతాయి. మొబైల్ డేటా ఉంది కదా అనుకోవడానికీ లేదు, ఎందుకంటే టవర్‌కు కూడా చాలాచోట్ల అదే వీధిలోని ఫైబర్ నుంచే కనెక్షన్ అందుతుంది. రెండవ కనెక్షన్ ఇచ్చే కంపెనీని “మీ తీగ ఏ రోడ్డు మీదుగా, ఏ ఎక్స్ఛేంజి నుంచి వస్తుంది?” అని అడిగి, వేరే దారిన వచ్చేదాన్నే తీసుకోండి. కుదిరితే అందులో ఒకటి భూగర్భ కేబుల్ కావాలి.

వేగం విషయంలో మీరు చూడవలసింది అప్‌లోడ్, అంటే మీ దగ్గరి నుంచి బయటికి పంపే వేగం. ఒక సీటీ పరీక్షలో 500 చిత్రాలు ఉన్నాయనుకుంటే, ఒక్కొక్కటి అర ఎంబీ చొప్పున మొత్తం 250 ఎంబీ అవుతుంది. అప్‌లోడ్ 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు, ఎనిమిది మెగాబిట్లు కలిస్తే ఒక ఎంబీ) ఉంటే అది 20 సెకన్లలో వెళ్తుంది, 10 ఉంటే మూడు నిమిషాలు దాటుతుంది, 2 మాత్రమే ఉంటే 16 నిమిషాలకు పైగా పడుతుంది. 2023లో మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్‌కు ఇచ్చిన నిర్వచనం కనీసం 2 ఎంబీపీఎస్ వేగం ఉండాలంటుంది గానీ, అది డౌన్‌లోడ్ మాటే. ఇంట్లో సినిమా చూసేవారికి అది చాలవచ్చు, పక్షవాతం రోగిని టేబుల్ మీద పడుకోబెట్టిన ఆస్పత్రికి చాలదు. మెదడుకు రక్తం అందని స్థితిలో నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని అంచనా. రక్తపు గడ్డను కరిగించే మందు లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపు ఇవ్వాలి, పైగా స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలిన తరువాతే ఇవ్వాలి. రోగి ఇంటి నుంచి ఆస్పత్రికి చేరేసరికే ఆ వ్యవధిలో చాలా భాగం గడిచిపోయి ఉంటుంది. అందువల్ల రెండు లైన్లూ పోయిన రాత్రి మీ స్కానర్ దగ్గరికే వచ్చి చిత్రాలు చూడగల డాక్టరు ఎవరో, ఆ డాక్టరు ఫోన్ నంబరుతో సహా గోడ మీద రాసి ఉండాలి.

రోడ్డు తవ్వకాల గురించి ఒక మాట. తవ్వే ముందు కింద ఎవరి తీగలున్నాయో తెలుసుకుని వారికి చెప్పడానికి కేంద్రం 2023 మార్చి 22న ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్‌ను ప్రారంభించింది. మీ వీధిలో పని చేసే కాంట్రాక్టరు దాన్ని వాడుతున్నారో లేదో అడిగే హక్కు ఆస్పత్రిగా మీకుంది.

ప్రశ్న: అన్నీ నెట్‌కు కలిపితే హ్యాకర్ల బెడద పెరుగుతుంది కదా? పాత కాగితపు పద్ధతే మేలేమో?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, వరంగల్

జవాబు: మీ భయానికి ఆధారం ఉంది. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగి, అంత పెద్ద సంస్థలో రోజుల తరబడి ఓపీ, ల్యాబ్ పనులు చేతిరాతతో సాగాయి. 2017 మే 12న కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ‘వాన్నక్రై’ దాడిలో ఇంగ్లండ్ ప్రభుత్వ ఆస్పత్రుల్లో సుమారు 19,000 అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయని అక్కడి లెక్క. ఆ దాడికి దారిచ్చిన విండోస్ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే విడుదల చేసింది, అనేక ఆస్పత్రులు దాన్ని వేసుకోలేదు. నెట్ తీసేయడం దీనికి పరిష్కారం కాదు. పాత చీటీ పోగొట్టుకున్న రోగికి మళ్లీ అవే పరీక్షలు, అదే ఖర్చు ఎదురైన రోజులు మనం చూసినవే. అప్‌డేట్లు వేసే మనిషికి జీతం ఇవ్వడం, బ్యాకప్‌ను నెట్‌వర్క్‌కు తగలకుండా విడిగా ఉంచడం ఆస్పత్రి ఖర్చులో భాగమేనని యాజమాన్యాలు ఒప్పుకోవాలి.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. నన్ను వీడియోలోనే డాక్టరుకు చూపించుకోమంటాడు. ఇది చెల్లుతుందా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: చెల్లుతుంది. 2020 మార్చి 25న వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం మన దేశంలో నమోదైన డాక్టరు వీడియో, ఫోన్, సందేశం, ఏ విధంగానైనా సలహా ఇవ్వవచ్చు. కొన్ని మందులను మొదటిసారి రాయాలంటే వీడియో తప్పనిసరి, మత్తు కలిగించే కొన్ని మందులను అసలే రాయకూడదు. వీడియో ఆగి ఆగి వస్తుంటే మొహమాటపడకుండా ఫోన్‌లో మాట్లాడండి, మాట స్పష్టంగా వినబడటమే ముఖ్యం. ఛాతీనొప్పి, ఆయాసం, ఉన్నట్టుండి మాట తడబడటం వంటివి వస్తే మాత్రం సిగ్నల్ కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి. ల్యాబ్‌లు మెసేజ్‌లో పంపే రిపోర్టు లింకులు కొన్నాళ్లకు పనిచేయకపోవచ్చు. కాబట్టి రిపోర్టు వచ్చిన రోజే ఫోన్‌లో దాచుకుని, వాడుతున్న మందుల పేర్లు, మోతాదులు ఉన్న కాగితం ఒకటి ఇంట్లో అందరికీ కనిపించే చోట పెట్టండి.