ఫ్లాష్ చెరిపే ముందు ఒక్క మాట

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నీ బోర్డు ఫ్లాష్‌లో పార్టిషన్లు, అంటే దాన్ని పంచుకున్న భాగాల హద్దులు, మారుస్తానని రాశావు, సంతోషం. ముందు నాకు జరిగింది విను.

నా బోర్డూ నీ బోర్డులాంటిదే, 16 ఎంబీ ఎస్‌పీఐ నార్ ఫ్లాష్, అంటే పవర్ తీసినా డేటా నిలిచే చిప్పు. మొదటి 512 కేబీ యూ-బూట్‌కి (పవర్ పెట్టగానే బోర్డును లేపే ప్రోగ్రామ్), ఆ పక్కన 64 కేబీ ఎన్విరాన్‌మెంట్‌కి (యూ-బూట్ సెట్టింగులు దాచే చోటు), తర్వాత 4 ఎంబీ లినక్స్ కెర్నల్‌కి, మిగిలిందంతా రూట్ ఫైల్‌సిస్టమ్‌కి. యూ-బూట్‌లో ఒకటి రెండు ఫీచర్లు కలిపి మళ్లీ బిల్డ్ చేశాను. ఫైలు 512 కేబీ దాటింది, చూసుకోలేదు. ఎక్కిస్తే బోర్డు చక్కగానే లేచింది. కాకపోతే ‘బ్యాడ్ సీఆర్‌సీ’ అని, అంటే దాచిన సెట్టింగులు సరిగా లేవని, కన్సోల్‌లో వార్నింగ్ వచ్చింది. కొత్త యూ-బూట్ కదా, మామూలే అనుకుని సెట్టింగులన్నీ మళ్లీ టైపు చేసి, వాటిని ఫ్లాష్‌లో రాసే సేవ్ఎన్వ్ కమాండ్ కొట్టాను. పవర్ తీసి పెడితే స్క్రీన్ మీద ఒక్క అక్షరం రాలేదు.

యూ-బూట్ చివరి ముక్క ఎన్విరాన్‌మెంట్ చోట్లోకి పాకింది. సేవ్ఎన్వ్ ఆ బ్లాకంతా చెరిపి తన డేటా రాసింది. యూ-బూట్ ర్యామ్‌లోకి కాపీ అయి అక్కణ్నుంచి నడుస్తుంది కాబట్టి పవర్ తీసేదాకా తేడా తెలియలేదు. చిప్పుకి క్లిప్పు తగిలించి, దాచుకున్న పాత ఇమేజ్‌ని ప్రోగ్రామర్‌తో ఎక్కిస్తే గానీ బోర్డు బతకలేదు.

అందుకని ముందు ఫ్లాష్ మొత్తం రెండుసార్లు డంప్ తియ్యి, రెండింటి ఎండీ5 (ఫైలుకి వేలిముద్రలాంటి సంఖ్య) ఒకటేనా చూడు. వైఫై కాలిబ్రేషన్ డేటా ఏ బోర్డుది ఆ బోర్డుకే, పోతే నెట్‌లో దొరకదు. సెట్టింగులన్నీ చూపించే ప్రింట్ఎన్వ్ కమాండ్ ఇచ్చి వచ్చిందంతా ఫైల్లో పెట్టుకో. కన్సోల్‌కి సీరియల్ అడాప్టర్ 3.3 వోల్టులదే వాడు, కరెంటు ఇచ్చే వీసీసీ తీగ కలపకు.

కెర్నల్‌కి 6 ఎంబీ ఇస్తే రూట్ ఫైల్‌సిస్టమ్ మొదలు హెక్స్‌లో 490000 నుంచి 690000కి జరుగుతుంది, దాన్ని కొత్తచోట మళ్లీ రాయాలి. బూట్‌ఆర్గ్స్‌లోని (కెర్నల్‌కి ఇచ్చే సూచనలు) ఎంటీడీపార్ట్స్ అనే పార్టిషన్ల పట్టిక, కెర్నల్‌ని ఎక్కించే బూట్‌కమాండ్ చదివే సైజు, రెండూ కలిసి మారాలి. హద్దు సరిగ్గా ఎరేజ్ బ్లాకు (ఫ్లాష్‌లో ఒకేసారి చెరిగే ముక్క) అంచు మీద పడకపోతే లినక్స్ ఆ పార్టిషన్‌ని రీడ్-ఓన్లీ చేసేస్తుంది. నీ చిప్పులో బ్లాకు 64 కేబీ అయితే అన్నీ దాని గుణిజాలే ఉండాలి.

కొత్త కెర్నల్‌ని టీఎఫ్‌టీపీతో నెట్‌వర్క్ మీదుగా ర్యామ్‌లోకి తెచ్చి, సెట్టింగులు సెట్ఎన్వ్‌తో మార్చి, సేవ్ చేయకుండానే బూట్ చేసి చూడు. తేడా వస్తే పవర్ తీస్తే చాలు, పాతదే వస్తుంది. బూట్‌డిలే, అంటే బూట్ మొదలయ్యేలోపు నువ్వు ఆపడానికి ఆగే సమయం, 3 సెకన్లు ఉంచు. మైనస్ 2 పెడితే ఆపే దారే ఉండదు. యూ-బూట్ బిల్డ్ చేసేటప్పుడు ఎన్విరాన్‌మెంట్‌కి రెండో కాపీ కూడా పెట్టుకో, రాస్తుండగా కరెంటు పోయినా ఒకటి నిలుస్తుంది.

డంప్ తీశాక రెండు ఎండీ5లూ, ప్రింట్ఎన్వ్ నాకు పంపు. నేను చూసి ఫోన్ చేశాకే ఎరేజ్ కొట్టు.

ప్రేమతో,
మామయ్య