మార్మన్లని మిస్సోరి నుంచి తరిమేసింది బహుభార్యాత్వం వల్లేనా?

కాదండీ. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అమెరికాలో కాన్సాస్ సిటీ శివార్లలో పదకొండేళ్ళుగా ఉంటున్నాం, మా పక్కింటివాళ్ళు మార్మన్లు, అంటే జోసెఫ్ స్మిత్ స్థాపించిన క్రైస్తవ శాఖవాళ్ళు. ఆయన మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు మా ఆవిడ ఏలకుల టీ పెట్టిస్తే, పాపం తెగ మొహమాటపడిపోయి మంచినీళ్ళు చాలన్నాడు (వాళ్ళు టీ, కాఫీ ముట్టరు. ఆ సంగతి మాకు అప్పుడే తెలిసింది). వాళ్ళ పూర్వీకుల్ని 1838లో ఈ చుట్టుపక్కల నుంచే వెళ్ళగొట్టారని ఆయన చెప్పాక నాకు ఆసక్తి పుట్టింది. ఒక శనివారం వాళ్ళతో కలిసి ఆ చోట్లన్నీ తిరిగొచ్చాం.

మార్మన్లు బహుభార్యాత్వాన్ని బాహాటంగా ఒప్పుకున్నది 1852లో, అదీ యూటాకి వెళ్ళిపోయాక. మిస్సోరిలో గొడవ భూమి గురించి, ఓట్ల గురించి, బానిసత్వం గురించి.

1831లో జోసెఫ్ స్మిత్ మిస్సోరిలోని ఇండిపెండెన్స్ ఊరినే తమ సియోనుగా, అంటే దేవుడు చూపిన పవిత్ర నగరంగా ప్రకటించాడు. ఇక జనం బళ్ళు కట్టుకుని దిగడం మొదలైంది. అప్పటికే అక్కడున్నవాళ్ళు ఎక్కువగా కెంటకీ, టెనెస్సీ లాంటి దక్షిణాది రాష్ట్రాల నుంచి వచ్చిన రైతులు. కొత్తగా వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఉత్తరాదివాళ్ళు. వాళ్ళలో వాళ్ళే కొనుక్కుంటారు, వాళ్ళలో వాళ్ళే అమ్ముకుంటారు, ఓట్లన్నీ గంపగుత్తగా ఒకవైపే వేస్తారు. పైగా ఈ నేల దేవుడు మాకిచ్చాడంటారు. ఆ మాట పొరుగువాడి చెవికి ఎలా వినపడుతుందో ఊహించుకోండి.

1833 జులైలో వాళ్ళ పత్రికలో స్వేచ్ఛ పొందిన నల్లవాళ్ళ గురించి ఒక వ్యాసం వచ్చింది. నల్లవాళ్ళని పిలిపించి బానిసల్ని రెచ్చగొడుతున్నారని ఊరు భగ్గుమంది. జులై 20న గుంపొచ్చి అచ్చాఫీసు ఉన్న రెండంతస్తుల ఇటుక మేడని నేలమట్టం చేసింది. బిషప్ ఎడ్వర్డ్ పార్ట్రిడ్జ్‌కి నడిబజారులో తారు పూసి ఈకలు అంటించారు. అచ్చయిన కాగితాలు వీధిలో పడుంటే ఇద్దరు అక్కచెల్లెళ్ళు దొరికినన్ని పోగుచేసుకుని మొక్కజొన్న చేలోకి పారిపోయి దాక్కున్నారు. ఈ ఒక్క కథ చెప్పేటప్పుడు మా పక్కింటాయన గొంతు మారిపోతుంది. నవంబరులో అందరినీ మిస్సోరి నది దాటించేశారు. ఒడ్డున చలిలో పడుకున్నవాళ్ళు 13వ తేదీ తెల్లవారుజామున ఆకాశమంతా ఉల్కలు రాలడం చూశారు.

1836లో వాళ్ళకోసమే కాల్డ్‌వెల్ అని ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) ఏర్పాటు చేశారు. మీ హద్దులో మీరుండండి, మా జోలికి రాకండి అన్నట్టు. జనం పెరిగారు, హద్దు దాటారు. 1838 ఆగస్టు 6న పక్క కౌంటీలోని గాలటిన్‌లో వాళ్ళని ఓటెయ్యనివ్వకపోతే కర్రలతో కొట్టుకున్నారు.

ఇక్కడ రెండోవైపు కూడా చెప్పాలి. మా ఆఫీసులో గాలటిన్ ప్రాంతం నుంచి వచ్చినావిడ ఒకరున్నారు. నేను ఈ యాత్ర సంగతి చెబితే, "మా ఊరు తగలబెట్టింది ఎవరో అది కూడా చెప్పారా?" అంది. నిజమే, ఆ అక్టోబరులో మార్మన్ దళాలు గాలటిన్‌ని దోచి కాల్చాయి. నిర్మూలన అన్న మాట కూడా ముందు వచ్చింది వాళ్ళ నోటి నుంచే. జులై 4న వాళ్ళ నాయకుడు సిడ్నీ రిగ్డన్ మళ్ళీ మా మీదికి గుంపు వస్తే నిర్మూలన యుద్ధమేనని ఉపన్యసించాడు. అక్టోబరు 25న క్రూకెడ్ నది దగ్గర మార్మన్లకీ రాష్ట్ర సైనికులకీ జరిగిన పోరులో నలుగురు పోయారు. ఆ కబురు గోరంతలు కొండంతలై గవర్నర్ లిల్‌బర్న్ బాగ్స్‌కి చేరింది. 27న ఆయన సంతకంతో ఉత్తర్వు వెలువడింది: వీళ్ళని నిర్మూలించాలి, లేదా రాష్ట్రం నుంచి తరిమెయ్యాలి. ఆ ఉత్తర్వు 1976 దాకా రద్దు కాలేదు!

మూడు రోజులకి హాన్స్ మిల్ అనే మార్మన్ల పల్లె మీద గుంపు పడింది. 17 మందిని చంపారు, అందులో పదేళ్ళ పిల్లవాడున్నాడు. శవాల్ని పూర్తిగా తవ్వని బావిలో వేసి మట్టి కప్పారు. మేం వెళ్ళినప్పుడు అక్కడ కంకరరోడ్డు చివర ఒక బోర్డు, గడ్డి, వాగు. అంతే. పిల్లలు కూడా అల్లరి చెయ్యలేదు.

బహుభార్యాత్వం అసలు రంగంలోకి వచ్చింది, మిస్సోరి వదిలి వాళ్ళు చేరిన ఇల్లినాయిస్‌లో. నావూ అక్కడ వాళ్ళే కట్టుకున్న నగరం, వాళ్ళదే సైన్యం, మేయరు స్మిత్. విభేదించి బయటికొచ్చినవాళ్ళు 1844 జూన్ 7న ఒక పత్రిక తెచ్చి, రహస్యంగా సాగుతున్న ఆ బహుభార్యాత్వాన్ని బయటపెట్టారు. మూడు రోజుల్లో నగర మండలి తీర్మానంతో ఆ అచ్చుయంత్రాన్ని వీధిలోకి ఈడ్చి విరగ్గొట్టారు. పదకొండేళ్ళ కింద తమ యంత్రం విరిగితే ఏడ్చినవాళ్ళే! ఆ గొడవ ముదిరి కార్తేజ్ జైలుకెళ్ళిన స్మిత్‌నీ అన్న హైరమ్‌నీ జూన్ 27న గుంపు కాల్చి చంపింది. ఇదంతా కారులో తిరిగొస్తూ మా పక్కింటాయన్ని అడిగాను. కాసేపు రోడ్డు వైపే చూసి, "అది మావాళ్ళు చెయ్యకుండా ఉండాల్సింది" అన్నాడు.

కాన్సాస్ సిటీ వైపు వస్తే ఇండిపెండెన్స్‌లో ఆగండి. స్మిత్ 1831లో గుడికని గుర్తుపెట్టిన స్థలం చుట్టూ ఆయన పేరు చెప్పుకునే మూడు వేర్వేరు చర్చిలు ఎదురెదురుగా ఉంటాయి. అసలు స్థలం వాటిలోకెల్లా చిన్నదాని చేతిలో ఉంది. అక్కడ ఇప్పటికీ గుడి లేదు, పచ్చికే.