పోర్ట్రెయిట్‌లో ముఖం బాగా వస్తే చాలదా, బట్టలకు అంత ప్రాధాన్యం ఎందుకు?

చాలదు. రాజుల కాలంలో బొమ్మలో హోదా తెలిసేది ఎక్కువగా బట్టల వల్లే. 1783లో పారిస్ సలోన్ అనే చిత్రకళా ప్రదర్శనలో ఫ్రాన్స్ రాణి మేరీ ఆంటోనెట్ చిత్రం పెట్టారు. గీసింది ఎలిజబెత్ విజే లె బ్రన్. పల్చటి తెల్ల మస్లిన్ గౌను, గడ్డి టోపీ, చేతిలో గులాబీ. ఒంటిమీద నగ లేదు. రాణి లోపలి బట్టలతో వచ్చిందని ఒకటే గోల! ఫ్రెంచ్ పట్టును కాదని దిగుమతి బట్ట వేసుకుందన్న నింద ఒకటి. చిత్రం తీసేశారు. బదులు పెట్టినదాంట్లో ముఖమూ గులాబీ దాదాపు అవే. మారింది నీలి-బూడిద రంగు పట్టు గౌను, లేసు, ముత్యాలు. నాకైతే మొదటిదే నచ్చుతుంది. తమాషా ఏమిటంటే, అన్ని తిట్లు తిన్న ఆ గౌనే తర్వాత పెద్ద ఫ్యాషనైంది, అదీ రాణి పేరుతోనే.