వార్డులో భయపడే నర్సింగ్ అమ్మాయికి జర్మన్ ప్యాకేజీ మందా?

ప్రశ్న: మాది రావులపాలెం దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం. థియరీలో 78 శాతం వస్తోంది. వార్డు పోస్టింగులో మాత్రం చేతులు వణుకుతున్నాయని, పేషెంటుకి ఏదైనా తేడా చేస్తే ఏం చెయ్యాలో తోచట్లేదని ఫోన్ చేసి ఏడుస్తోంది. మా బంధువుల అమ్మాయి జర్మనీలో బాగా సంపాదిస్తోంది. సాయంత్రం భాష క్లాసులు, ఆ తర్వాత ఉద్యోగం, అంతా కలిపి రెండున్నర లక్షల ప్యాకేజీ అని ఒక ఏజెంటు అంటున్నాడు. నెలాఖరులోగా లక్ష కట్టాలట. అది మేలా, ఐసీయూ సర్టిఫికెట్ కోర్సు మేలా? అసలు ఈ పిల్ల నర్సుగా పనికొస్తుందా?

జవాబు: చివరి ప్రశ్నే మీ అసలు బెంగ, అందుకని దానికే ముందు చెబుతాను. పనికొస్తుందండి. రెండో ఏడాదిలో బెరుకు లేకుండా సూది పట్టుకునే పిల్లనే ఇన్‌చార్జి సిస్టర్లు ఎక్కువ కనిపెట్టుకుని ఉంటారు. తన చేతిలో ఒక మనిషి ప్రాణం ఉందని మీ అమ్మాయికి అర్థమైంది కాబట్టే ఆ వణుకు.

ఆమె చెప్పినవి రెండు వేరువేరు సంగతులు. కాన్యులా (మందు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం) పెట్టేటప్పుడు చెయ్యి వణకడం చేతిపనికి సంబంధించింది. పెట్టగా పెట్టగా అదే పోతుంది. 'ఏం చెయ్యాలో తోచట్లేదు' అన్నదానికి మాత్రం టైము పడుతుంది. పేషెంటుని చూసి ఏం జరుగుతోందో, ఏం చెయ్యాలో తేల్చుకోవడమన్నమాట, క్లినికల్ జడ్జిమెంట్ అంటారు దీన్ని. నాలుగేళ్ల కోర్సు ఉన్నదే దీనికోసం, మార్కుల మెమోలో కనపడనిదీ ఇదే.

డెంగీ కేసు తీసుకోండి, మన డెల్టాలో వానాకాలం వస్తే వార్డులన్నీ అవే కదా. ఐదో రోజు, 103 ఉన్న జ్వరం 99కి దిగింది. ఇంట్లోవాళ్లు 'తగ్గిపోయిందమ్మా, ఇంటికెళ్లిపోతాం' అంటారు. స్టూడెంటు బీపీ చూసి 100/80 అని చార్టులో రాసి పక్క బెడ్‌కి వెళ్లిపోతుంది. పై అంకె వందే ఉంది కదా, ఫర్వాలేదనుకుంటుంది. కానీ పై అంకెకీ కింది అంకెకీ మధ్య తేడా మామూలుగా 40 దాకా ఉండాలి, ఇక్కడ 20కి వచ్చేసింది. ప్లాస్మా, అంటే రక్తంలోని నీటిభాగం, రక్తనాళాల్లోంచి బయటికి కారిపోతోందన్నమాట. అందుకే జ్వరం దిగే ఆ ఒకటి రెండు రోజులే డెంగీలో ప్రమాదం. పాదాలు ముట్టుకుంటే చల్లగా ఉంటాయి, కడుపునొప్పి, వాంతులు ఉంటాయి, మూత్రం తగ్గుతుంది. ఇంట్లోవాళ్లు ప్లేట్‌లెట్ల లెక్క, బొప్పాయి ఆకు రసం అంటూ తిరుగుతుంటే, నర్సు పీసీవీ (రక్తం ఎంత చిక్కబడిందో చెప్పే లెక్క) పెరుగుతోందా అని చూడాలి. కోలుకునే దశలో లెక్క తిరగబడుతుంది. కారిన నీరు మళ్లీ రక్తంలోకి వస్తుంది. అప్పుడు కూడా డ్రిప్ అదే స్పీడులో వదిలేస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం మొదలవుతుంది.

ఇవన్నీ పుస్తకంలో ఉన్నవే, మీ అమ్మాయి పరీక్షలో రాసే ఉంటుంది. బెడ్ దగ్గర నిలబడి 100/80 చూడగానే చెయ్యి పాదాల మీదకి వెళ్లడమే ఇంకా రాలేదు. అలాంటి పేషెంట్లను పదిమందిని చూస్తే వస్తుంది.

ఇన్సులిన్ సంగతీ అంతే. మన మందుల షాపుల్లో దొరికే ఇన్సులిన్ సీసాలో ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లుంటాయి. దానికి ఎర్రమూత సిరంజి వాడాలి. కంగారులో మిల్లీలీటరుకి 100 యూనిట్ల లెక్కన గీతలున్న నారింజ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే పేషెంటుకి వెళ్లేది 8 యూనిట్లే. షుగర్ దిగదు. రౌండ్స్‌లో డాక్టరు డోసు పెంచుతారు. రాత్రి డ్యూటీ నర్సు సరైన సిరంజితో ఆ పెంచిన డోసు ఇస్తే తెల్లారేసరికి పేషెంటు చెమటలు పట్టి స్పృహ తప్పుతాడు. షుగర్ దిగకపోతే, డోసు సంగతి కంటే ముందు సిరంజి మూత చూడాలని తోచడమే జడ్జిమెంట్.

ఇక జర్మనీ. కోనసీమలో గల్ఫ్ డబ్బుతో లేచిన డాబాలు చూస్తూ పెరిగినవాళ్లం, విదేశం అంటే ఆశ పుట్టడంలో తప్పులేదు. నా అనుమానమల్లా రెండో ఏడాదిలోనే మొదలెట్టించే ఈ ప్యాకేజీల మీదే. నర్సుగా గుర్తింపుకి సాధారణంగా బీ2 స్థాయి (ఆరు మెట్లలో నాలుగోది) భాష అడుగుతారు, అది తేలిగ్గా వచ్చేది కాదు. పొద్దున్నే వార్డు, సాయంత్రం క్లాసు, రాత్రి కేర్ ప్లాన్లు అయితే దెబ్బపడేది వార్డు మీదే. మన డిగ్రీని వాళ్ల చదువుతో పోల్చి చూస్తారు. లోటు ఉందంటే దాన్ని పూడ్చే అడాప్టేషన్ శిక్షణ అయినా చెయ్యాలి, నాలెడ్జ్ పరీక్ష అయినా రాయాలి. ఆ పరీక్షలో పేషెంటు దగ్గర ప్రాక్టికల్ ఉంటుంది. 'ఒళ్లు తూలుతోందమ్మా, గుండె దడగా ఉంది' అని తెలుగులో చెప్పినప్పుడే తేల్చుకోలేని పిల్ల, జర్మన్‌లో చెబితే ఏం తేల్చుకుంటుంది? స్నానం చేయించడం, తినిపించడం కూడా అక్కడ నర్సు పనే. ఇక్కడ అవి బంధువులో ఆయాలో చేస్తారు. ఈ ముక్క ఏజెంటు చెప్పాడా మీకు? అమెరికా అయినా అంతే. అక్కడ నర్సు లైసెన్సుకి రాసే ఎన్‌సీఎల్‌ఈఎక్స్ పరీక్ష 2023 ఏప్రిల్ నుంచి మారింది, ఇప్పుడు క్లినికల్ జడ్జిమెంట్‌నే ప్రత్యేకంగా కొలుస్తోంది.

డబ్బు విషయంలో కోప్పడుతున్నాననుకోకండి. డిగ్రీ చేతికి రాని, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ లేని పిల్లకి నర్సు ఉద్యోగం గ్యారంటీ అని ఎవరు చెప్పినా నమ్మకూడదు. విదేశీ ఉద్యోగాలకి పంపే ఏజెంటు కేంద్ర ప్రభుత్వపు ఈమైగ్రేట్ పోర్టల్‌లో రిజిస్టరై ఉండాలి. అతను తీసుకోగల సర్వీస్ ఛార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, జీఎస్టీ అదనం. లైసెన్సు నంబరు అడగండి. ఇంకో మాట. మీరు బంధువుల అమ్మాయి సంపాదన రాశారు, ఏజెంటు గడువు రాశారు. మీ అమ్మాయికి ఏం కావాలో ఒక్క ముక్క రాయలేదు. పిల్ల ఏడుస్తూ ఫోన్ చేస్తే ఆ రోజు ఏ పేషెంటు దగ్గర ఏమైందో అడగకుండా ప్యాకేజీల వైపు పరుగెత్తడం తప్పండి.

ఐసీయూ కోర్సు చెడ్డదని అనను, ఇప్పుడు కాదు. జనరల్ మెడికల్ వార్డులో ఏడాది, రెండేళ్లు చేశాక చేరితే ఉపయోగం. మానిటర్ మోగినప్పుడు ఆక్సిజన్ నిజంగా పడిపోయిందా, వేలికున్న ప్రోబ్ జారిందా అన్నది పేషెంటు ముఖం చూసి తెలుసుకోవడం ముందు రావాలి.

అమ్మాయికి ఈ మాటలు చెప్పండి. ప్రతి పేషెంటు ఊపిరినీ పూర్తిగా 60 సెకన్లపాటు లెక్కపెట్టమనండి. చాలా చార్టుల్లో అందరికీ 18, 20 అని రాసేస్తుంటారు. మనిషి క్షీణించడం ముందు తెలిసేది తరచు అక్కడే. పెద్దవాళ్లలో 12 నుంచి 20 మామూలు, 25కి చేరితే వెంటనే చెప్పాలి. రోజుకి ఒక్క పేషెంటుని ఎంచుకుని, రౌండ్స్‌కి ముందే మూడు ముక్కలు రాసుకోమనండి: ఏం చూశాను, ఏమనుకుంటున్నాను, నేనైతే ఏం చేస్తాను. డాక్టరు చూసి వెళ్లాక ఎక్కడ తేడా వచ్చిందో క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్‌ని అడగాలి. డ్యూటీ డాక్టర్‌కి ఎలా చెప్పాలో పోస్టింగుకి వెళ్లేముందు నోటితో అని చూసుకోవాలి: 'సార్, నాలుగో బెడ్, డెంగీ ఐదో రోజు, 50 కేజీలు. పొద్దున బీపీ 110/70, ఇప్పుడు 100/80. కాళ్లు చల్లగా ఉన్నాయి, ఆరు గంటల్లో మూత్రం 100 మిల్లీలీటర్లే. ఒకసారి వచ్చి చూడండి.' ఆ బరువుకి గంటకి కనీసం 25 రావాలి, అంటే ఆరు గంటలకి 150. ఇలా లెక్కతో చెబితే గొంతు దానంతటదే కుదుటపడుతుంది.

మీరూ ఒకసారి కాలేజీకి వెళ్లండి. పోస్టింగులో ఇన్‌స్ట్రక్టర్ బెడ్ దగ్గర ఉంటున్నారా, పిల్లలు ఫైళ్లు నింపి వచ్చేస్తున్నారా అని అడగండి. భాష సంగతి ఏడో సెమిస్టర్‌లో, అమ్మాయి తనంతట తాను అడిగితే చూద్దాం. నెలాఖరుకి లక్ష కట్టకండి. ఈ ఆదివారం ఇంటికొచ్చినప్పుడు జేబులో పట్టే డైరీ ఒకటి, సెకన్ల ముల్లున్న వాచీ ఒకటి కొనిపెట్టండి. ఊపిరి లెక్కపెట్టడానికి ఆ ముల్లు కావాలి.