చెత్తదిబ్బ మీద వాలీబాల్ నెట్: ఖాళీ జాగాల మీద మీ ప్రశ్నలు

కాలనీల్లో పార్కు కోసం వదిలిన జాగా చెత్తకుప్పగా మారితే దాన్ని మళ్లీ ఆటలకు తెచ్చుకోవడం ఎలా? ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం దీని మీదే. ఒకే తరహావి కలిపి జవాబులు ఇస్తున్నాం.

*మా లేఅవుట్‌లో 60×90 అడుగుల పార్కు స్థలం ఉంది, అంటే 600 గజాలు. ఏళ్ల తరబడి చెత్త, పాత ఇళ్ల మట్టి పోస్తున్నారు. బాగుచేద్దామంటే లేఅవుట్ వేసినాయన కొడుకులు వచ్చి ‘అది మా నాన్నది’ అంటున్నారు. ముందు జేసీబీని పిలవాలా, లాయర్‌నా? — కాలనీ సంఘం కార్యదర్శి, మల్కాజిగిరి*

రెండూ తర్వాత. ముందు మూడు కాగితాలు సంపాదించండి. ఒకటి, ఆమోదం పొందిన లేఅవుట్ ప్లాన్ సర్టిఫైడ్ కాపీ. ఇది హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) దగ్గరో, డీటీసీపీ (రాష్ట్ర టౌన్‌ప్లానింగ్ శాఖ) దగ్గరో, మీ కార్పొరేషన్ టౌన్‌ప్లానింగ్ విభాగంలోనో ఉంటుంది. అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. రెండు, ఆ స్థలాన్ని స్థానిక సంస్థకు రాసిచ్చిన గిఫ్ట్ డీడ్. మూడు, ఆ సర్వే నంబరు మీద ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ లావాదేవీల ధ్రువపత్రం. 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లు ఆన్‌లైన్లోనే కనిపిస్తాయి. మధ్యలో ఎవరికైనా అమ్మేశారా అన్నది అక్కడే బయటపడుతుంది.

చిక్కంతా పాత గ్రామ పంచాయతీ లేఅవుట్లతోనే. ప్లాన్ మీద ‘పార్కు’ అని ఉంటుంది, గిఫ్ట్ డీడ్ మాత్రం ఉండదు. అంతమాత్రాన స్థలం వారసులదైపోయిందని బెదిరిపోవద్దు. పార్కు చూపించి, ఆ ప్లాన్ మీదే ప్లాట్లు అమ్మారు కదా. ప్లాన్ కాపీ, మీ సేల్ డీడుల కాపీలు జతచేసి కమిషనర్‌కు దరఖాస్తు పెట్టండి. అందులో మూడు విషయాలు విడివిడిగా అడగండి: స్థలాన్ని స్వాధీనం చేసుకుని ఆస్తుల రిజిస్టర్లో ఎక్కించాలి, సర్వే చేయించి హద్దులు పెట్టాలి, రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ నిషేధిత జాబితాలో చేర్చడానికి రాయాలి. చాలామంది మరిచిపోయేది ఈ మూడోదే. జాబితాలో పడితే సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఆ నంబరు కదలదు. ఆక్రమణ ఇప్పటికే మొదలైతే హైదరాబాద్ పరిధిలో 2024 జులైలో ఏర్పాటైన, ప్రభుత్వ ఆస్తుల ఆక్రమణలను అడ్డుకునే సంస్థ హైడ్రాకు కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. దాని ఆఫీసు బుద్ధభవన్‌లో సోమవారం ప్రజావాణి (ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమం) ఉంటుంది.

సంఘం రిజిస్టరై ఉండాలి. 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులు చాలు. కార్పొరేషన్ మీకిచ్చేది నిర్వహణ అనుమతి మాత్రమే, స్థలం మీద హక్కు కాదు. ఆ అనుమతి పత్రం చేతికొచ్చేదాకా గోడ కట్టొద్దు. సర్వే కాకముందు కట్టిన గోడ అడుగు పక్కకు జరిగినా, అవతలివాళ్లు కోర్టుకెళ్లడానికి మీరే ఒక కారణం ఇచ్చినవాళ్లవుతారు.

*స్థలం నిండా సర్కారు తుమ్మ, వయ్యారిభామ. రెండుసార్లు కొట్టించాం, వానలకు మళ్లీ లేచింది. ఈసారి తగలబెట్టిద్దామని కొందరంటున్నారు. — నల్గొండ*

తగలబెట్టొద్దు. బహిరంగంగా చెత్త కాల్చడం ఎలాగూ నిషేధం, పైగా దానివల్ల తుమ్మ చావదు. సర్కారు తుమ్మ మొదలు నేలలోపల ముడిలా ఉంటుంది, కొత్త చిగుళ్లు అక్కణ్నుంచే వస్తాయి. నేల మట్టానికి కొడితే ఒక కొమ్మ బదులు పది లేస్తాయి. మొదలు చుట్టూ అడుగు లోతు తవ్వి ఆ ముడిని వేరుతో సహా పీకించాలి. వాన పడిన రెండో రోజు నేల మెత్తగా ఉంటుంది, పని సగానికి తగ్గుతుంది. మిగతా చెట్ల జోలికి వెళ్లేముందు వాల్టా (నీరు, నేల, చెట్ల రక్షణ) చట్టం కింద అనుమతి తీసుకోండి.

వయ్యారిభామను పూత రాకముందే వేళ్లతో పీకాలి. పూసిన మొక్కను పీకి మూలకు పడేస్తే విత్తనం చల్లినట్టే. చేతికి గ్లవ్స్, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. ఉబ్బసం, చర్మ దద్దుర్లు ఉన్నవాళ్లను ఈ పనికి రానివ్వొద్దు. విత్తనం నేలలో ఏళ్ల తరబడి ఉంటుంది కాబట్టి కనీసం మూడు వానాకాలాలు పీకుతూ ఉండాలి.

దిబ్బలు తీసేటప్పుడు ఒకవైపు నుంచి మొదలుపెట్టి అవతలివైపుకు వెళ్లండి. పాములు తప్పించుకోవడానికి దారి ఉంటుంది. నాలుగు పక్కల నుంచీ ఒకేసారి చుట్టుముడితే అవి మధ్యలో ఇరుక్కుంటాయి, ప్రమాదమంతా అప్పుడే. కూల్చిన ఇళ్ల శిథిలాలను విడిగా పోగేయించండి. హైదరాబాద్‌లో వాటిని జీడిమెట్ల, ఫతుల్లాగూడ ప్లాంట్లు తీసుకుంటాయి. ఇటుక ముక్కలను నేల నింపడానికి వాడొచ్చు కానీ గాజు, ఇనుప చువ్వలు ఏరిన తర్వాతే. ఏరామని చెప్పి పైన మట్టి కప్పేయడం మామూలుగా జరిగే మోసం. రెండు వానలకు గాజుపెంకులు పైకి తేలతాయి.

*మాదీ సుమారు 60×90 అడుగుల స్థలమే, నల్లరేగడి. పోయినేడు మట్టి చదును చేసి వాలీబాల్ కోర్టు గీశాం. వేసవిలో నెర్రెలు ఇచ్చింది, వానాకాలమంతా బురద. సిమెంటు వేయించమంటారా? — గుంటూరు*

వద్దు. నల్లరేగడి తడిసినప్పుడు ఉబ్బుతుంది, ఎండినప్పుడు ముడుచుకుంటుంది. నాలుగంగుళాల కాంక్రీటు దాని మీద రెండు వేసవులు కూడా నిలబడదు, పగుళ్లిచ్చి పలకలు ఎగుడుదిగుడవుతాయి. దూకి దిగే ఆటకు సిమెంటు మోకాళ్లకూ మంచిది కాదు. మీ కోర్టు పాడవడానికి కారణం ఉన్న మట్టినే చదును చేయడం. పై పొర మార్చాలి.

ముందు లెక్క. వాలీబాల్ కోర్టు 18×9 మీటర్లు, చుట్టూ కనీసం 3 మీటర్ల ఖాళీతో 24×15 మీటర్లు. 60×90 అడుగులంటే దాదాపు 18.3×27.4 మీటర్లు, కాబట్టి కోర్టు పడుతుంది. చుట్టూ సుమారు 1.6 మీటర్ల పట్టీ మిగులుతుంది, అందులో కాలువా నడకదారీ. పొడుగు ఉత్తర–దక్షిణాలుగా ఉంటే సాయంత్రపు ఎండ కళ్లలో పడదు. ఇదే నేల మీద వేరే రంగు గీతలతో బాల్ బ్యాడ్మింటన్ (24×12), కబడ్డీ (13×10) కూడా గీసుకోవచ్చు.

ఆ 24×15 మేర పైనున్న రేగడిని 15 సెంటీమీటర్లు తీసేయండి. దాన్ని పారేయకండి, చెట్ల గుంతలకు పనికొస్తుంది. తర్వాత గ్రావెల్ (తెలంగాణలో మొరం అంటారు) మొత్తం 25 సెంటీమీటర్ల మందం, అణిగిన తర్వాతి కొలత. అంటే కోర్టు పాత నేలకు 10 సెంటీమీటర్ల ఎత్తులో నిలుస్తుంది. 360 చదరపు మీటర్లకు ఇది 90 ఘనపు మీటర్లు. లారీలో వచ్చే వదులు మట్టి రోలింగుకు అణుగుతుంది కనుక పాతిక శాతం కలుపుకుని 112 ఘనపు మీటర్లు, అంటే వంద ఘనపు అడుగుల యూనిట్లలో సుమారు 40. పర్మిట్ ఉన్న క్వారీ నుంచే తెప్పించండి, బిల్లు దాచండి. లోడు దించకముందే ఒక గుప్పెడు తీసి చూడండి: కోడిగుడ్డంత రాళ్లు ఎక్కువగా ఉంటే అడుగు పొరకు మాత్రమే పనికొస్తుంది.

ఒకేసారి పాతిక సెంటీమీటర్లు పోసి పైన రోలర్ తిప్పితే పైభాగమే గట్టిపడుతుంది, లోపల డొల్ల. మొదటి వానకు గుంతలు పడేది అందుకే. 10 సెంటీమీటర్ల మించని పొరలుగా పోయించండి. ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లి, పొద్దున మట్టిని గుప్పిట పట్టి పిండండి. ముద్ద కట్టి, నడుం ఎత్తు నుంచి పడేస్తే నాలుగైదు ముక్కలవ్వాలి. పొడిగా రాలిపోతే నీళ్లు చాలలేదు, పడ్డా ముక్కలవకుండా అతుక్కుంటే ఎక్కువయ్యాయి. ఎక్కువైన చోట రోలర్ కింద నేల పరుపులా ఊగుతుంది. అలాంటప్పుడు ఆపి ఆరనివ్వడమే మార్గం, తిప్పే కొద్దీ చెడుతుంది. టన్ను రోలర్‌తో ప్రతి పొరకు ఎనిమిది పది సార్లు, ఒక వరుస సగం మీదుగా రెండో వరుస. పక్కన పాత ఇళ్లుంటే వైబ్రేటింగ్ రోలర్ వద్దు.

నేల సమంగా ఉండాలని బద్ద పెట్టి చదును చేస్తారు, అదీ తప్పే. కోర్టు పొడుగునా నడిమి నుంచి రెండు పక్కలకూ నూటికి ఒకటి వాలు ఇవ్వాలి. 7.5 మీటర్ల సగం వెడల్పుకు 7.5 సెంటీమీటర్లు. కంటికి కనపడదు, నీటికి తెలుస్తుంది. రెండు పక్కలా 30 సెంటీమీటర్ల వెడల్పు, అంతే లోతు కాలువ తీసి, పొడుగున 200కు 1 వాలుతో, అంటే 24 మీటర్లకు 12 సెంటీమీటర్లతో, వాన నీటి కాలువలోకి కలపండి. డ్రైనేజీ మ్యాన్‌హోల్లోకి మాత్రం కాదు.

పైన రెండున్నర సెంటీమీటర్ల తొడుగు: జల్లించిన ఎర్రమట్టి రెండు పాళ్లు, సన్న ఇసుక ఒక పాలు, మొత్తం నాలుగు యూనిట్లు. కలిపాక నిమ్మకాయంత ఉండ చేసి ఎండబెట్టండి. పగిలితే ఇసుక పెంచాలి, వేలితో నొక్కగానే పొడైతే మట్టి పెంచాలి.

నెట్ స్తంభాలకు మూడంగుళాల జీఐ పైపు, పొడుగు 3.3 మీటర్లు. అందులో 75 సెంటీమీటర్లు నేలలో, 2.55 పైన. పక్క గీతకు 0.5 నుంచి 1 మీటరు దూరంలో నిలపాలి. గుంత 45×45×75 సెంటీమీటర్లు, 1:2:4 కాంక్రీటు (సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు), గుంతకు ఒక సిమెంటు బస్తా సరిపోతుంది. వారం రోజులు తడిపి ఆ తర్వాతే నెట్ బిగించండి. నెట్ ఎత్తు మగవాళ్లకు 2.43, ఆడవాళ్లకు 2.24 మీటర్లు. కొక్కేలు రెండు ఎత్తుల్లోనూ పెట్టించకపోతే ఆ నెట్ ఎప్పటికీ 2.43 దగ్గరే ఉండిపోతుంది, ఆడపిల్లలు గట్టు మీద కూర్చుంటారు.

వాన వెలిసిన వెంటనే నిలిచిన నీళ్లలో పొడి మట్టి పోయొద్దు. అది అక్కడ గడ్డ కడుతుంది. నీటిని గోనెతో అద్ది తీసి, మడమ దిగబడనంత ఆరాక ఆడండి. రోజూ ఆట ముగిశాక గోనెసంచి లాగి కాస్త నీళ్లు చల్లితే కోర్టు ఏళ్ల తరబడి ఉంటుంది.

*పిల్లలకు ఉయ్యాలలు, జారుడుబల్ల పెట్టించాలి. 10×12 మీటర్ల జాగా ఉంది. దాత దొరికాడు. — రాజమహేంద్రవరం*

ఉయ్యాల మానేయండి. కొక్కెం 2.4 మీటర్ల ఎత్తులో ఉంటే ముందూ వెనకా దానికి రెండింతలు, 4.8 మీటర్ల చొప్పున ఖాళీ వదలాలి. మీ జాగా అంతా అదొక్కటే తినేస్తుంది. జారుడుబల్ల వేదిక 1.2 మీటర్ల ఎత్తు మించకుండా, చుట్టూ 1.8 మీటర్లు ఖాళీగా, కింద 23 సెంటీమీటర్ల వదులు ఇసుకతో పెట్టండి. ఇసుక పోసిన నెలకే పిల్లలు దిగే చోట గుంత పడి గట్టినేల తేలుతుంది, కాబట్టి వారానికోసారి గోరుపారతో తిరగేయాలి. స్టీలు బల్ల అయితే ఉత్తరం వైపు వాలేలా, చెట్టు నీడలో. కటకటాల మధ్య సందు 9 సెంటీమీటర్లకు తక్కువన్నా ఉండాలి, 23కు ఎక్కువన్నా ఉండాలి. ఆ మధ్య కొలతల్లో ఒళ్లు దూరి తల ఇరుక్కుంటుంది.

మరో మాట. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆమ్‌స్టర్‌డాంలో ఆల్డో వాన్ ఐక్ అనే వాస్తుశిల్పి 1947 నుంచి మూడు దశాబ్దాల్లో ఖాళీ మూలల్లో 700కు పైగా ఆటస్థలాలు వేశాడు. ప్రధానంగా ఉన్నది ఇసుక తొట్టి, ఎక్కే కడ్డీలు, దూకే దిమ్మెలు. దాతగారి పేరు రాసిన రంగురంగుల ఏనుగు బొమ్మ కంటే మూడు ఎత్తుల్లో కడ్డీలు ఎక్కువకాలం ఆడిస్తాయి.

*రాత్రి లైట్లు పెట్టాక పక్కింటివాళ్లు గొడవ పడుతున్నారు. ఒకాయన బాక్స్ క్రికెట్‌కు (చుట్టూ వల కట్టి గంటల లెక్కన అద్దెకిచ్చే క్రికెట్) లీజుకివ్వమంటున్నాడు, నెలనెలా డబ్బొస్తుందట. — కూకట్‌పల్లి*

పక్కింటివాళ్లది న్యాయమైన గొడవే. 8 మీటర్ల స్తంభాలు నాలుగు, ఒక్కోదానికి 150–200 వాట్ల ఎల్‌ఈడీ చాలు. దీపం ముఖం నేలకు, వెనక రేకు తొడుగు. టైమర్ పెట్టి తొమ్మిదికి ఆరిపోయేలా చేయండి, ఆపమని ఎవరూ ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు కూడదు. కనెక్షన్ సంఘం పేరున మీటరుతో తీసుకోండి, వీధిదీపం స్తంభం నుంచి వైరు లాగొద్దు. ప్రతి స్తంభానికీ ఎర్తింగ్, బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉండాలి. దాని టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడాలి. తడినేల మీద చెప్పుల్లేకుండా ఆడే పిల్లల ప్రాణం దాని మీద ఉంది.

లీజు వద్దు. మీకున్నది నిర్వహణ అనుమతి, లీజుకిచ్చే అధికారం లేదు. గంటకింతని కట్టలేని పిల్లలు మళ్లీ రోడ్డు మీదకే వెళ్తారు.

*పార్కు స్థలంలో కమ్యూనిటీ హాలు, ఓ మూల చిన్న గుడి కట్టాలని పెద్దలు పట్టుబడుతున్నారు. ఎలా చెప్పాలి? — వరంగల్*

సుప్రీంకోర్టు మాటగా చెప్పండి, మీ మాటగా కాదు. బెంగళూరులో పార్కుకు వదిలిన స్థలాన్ని ఆసుపత్రి కోసం ఓ మెడికల్ ట్రస్టుకు కేటాయిస్తే, ఆ చుట్టుపక్కలవాళ్లు వేసిన కేసులో 1991లో ఆ కేటాయింపు చెల్లదంది. ఆసుపత్రికే కుదరలేదు, హాలుకెలా కుదురుతుంది? వీధులు, పార్కుల వంటి బహిరంగ స్థలాల్లో అనుమతి లేకుండా ఏ మతం కట్టడమూ కొత్తగా రాకూడదని 2009 సెప్టెంబరులో ఆదేశించింది. పెద్దలకు కావాల్సింది కూర్చోవడానికి చోటైతే వేప, కానుగ, పొగడ నాటి, చుట్టూ అరుగు కట్టించండి. అరుగు మొక్కకు నాలుగడుగుల దూరంలో ఉండాలి, లేకపోతే పదేళ్లకు వేరు దాన్ని లేపేస్తుంది. త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ మాత్రం పెట్టొద్దు.

*నాలా పక్కన, హైటెన్షన్ లైను కింద ఖాళీ ఉంది. షటిల్ కోర్టు వేయొచ్చా? — బోడుప్పల్*

లైను కింద వేయొద్దు. ఇనుప స్తంభం, లైటు పోలు, జీఐ నిచ్చెన, ఏది నిలబెట్టినా ముప్పే. నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే అంచు నుంచి 9 మీటర్లు, లోపైతే 2 మీటర్లు బఫర్, అంటే ఖాళీగా వదలాల్సిన పట్టీ. అందులో మట్టి పోసి ఎత్తు పెంచడం కుదరదు. పోసినా వరదకు కోర్టు పోతుంది, ఎగువ కాలనీలోకి నీళ్లు తన్నుతాయి. బఫర్ దాటి, లైను కిందకూ రాని జాగాలో షటిల్ కోర్టుకు 13.4×6.1 మీటర్లు, చుట్టూ మరో రెండు మీటర్లు దొరుకుతాయేమో టేపు పట్టి కొలవండి. దొరక్కపోతే గడ్డి పెంచి నడకదారి వేసుకోండి, దానికి స్తంభాలు అక్కర్లేదు.